టెన్త్ లెక్కల్లో తప్పాడు. రెండేళ్ళు బడి సరిగ్గా లేకపోతే తప్పంతా ఇంట్లోవాళ్ళదేనా? ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి

బొబ్బిలి టైలరమ్మ – 2022 జూన్ 8, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర పల్లె. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. మా ఆయన జూటు మిల్లులో చేసేవారు, ఇప్పుడు లోడింగు పనులకి వెళ్తున్నారు. మా పెద్దవాడు జిల్లా పరిషత్ హైస్కూల్లో టెన్త్ రాశాడు. మొన్న సోమవారం రిజల్ట్స్ వచ్చాయి కదా, లెక్కల్లో 22. మిగతావన్నీ పాసే, తెలుగులో అయితే 71 వచ్చాయి.

మర్నాడు మార్కుల సంగతి కనుక్కుందామని బడికి వెళ్ళాను. వరండాలో ఇంకో నలుగురు తల్లులు ఉన్నారు. అందరి ముందూ ఒక టీచరు నాతో అన్న మాట ఇది: "ఏటమ్మా, రెండేళ్ళు పిల్లడు ఇంట్లోనే ఉన్నాడు కదా, ఒక్క రోజైనా దగ్గర కూర్చోబెట్టి పుస్తకం తీయించారా? ఫోన్లిచ్చి వదిలేస్తే ఇలాగే అవుతుంది." నాకు నోట మాట రాలేదు, వచ్చేశాను. రాత్రంతా అదే తిరుగుతోంది బుర్రలో. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడైనా చెప్పుకుంటాను, పెద్దదైతే ఏమీ అనుకోకండి.

కరోనా అని 2020 మార్చి 19 నుంచి బళ్ళు మూసేశారు. అప్పుడు వాడు ఎనిమిదో తరగతి. యాన్యువల్ పరీక్షలు లేవు, అందరూ పాస్ అన్నారు. తొమ్మిదోది మొదలైంది అన్నమాటే గానీ జూన్ నుంచి అక్టోబరు దాకా బడి మొహం చూడలేదు. వాట్సాప్ గ్రూపు పెట్టారు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది మా ఆయన దగ్గర ఉంటుంది, ఆయన రాత్రి తొమ్మిదికి వచ్చాక వీడు చూసేవాడు. ఆ గ్రూపులో వచ్చేది కూడా పాఠం కాదు, ఫలానా పేజీ నుంచి ఫలానా పేజీ దాకా లెక్కలు రాసి ఫొటో పెట్టండి అని. వీడు గైడు చూసి రాసేవాడు, ఫొటో పెట్టేవాడు, అటు నుంచి బొటనవేలు బొమ్మ వచ్చేది. ఆ బొటనవేలు చూసి నేను బాగానే చదువుతున్నాడు అనుకున్నాను. నేను ఏడు దాకా చదివాను, వాడు రాసింది ఒప్పో తప్పో నాకెలా తెలుస్తుంది?

నవంబరు 2న తొమ్మిది, పది వాళ్ళకి తెరిచారు, అదీ రోజు విడిచి రోజు. మధ్యలో ఎవరికో పాజిటివ్ వచ్చిందని కొన్నాళ్ళు మూశారు. 2021 ఏప్రిల్ 20 నుంచి మళ్ళీ మూత. ఆ మే నెలలో మా మామగారు పోయారు, ఇంట్లో ఎవరం మనుషుల్లో లేము. మళ్ళీ పరీక్షలు లేవు, మళ్ళీ పాస్. ఆగస్టు 16న తెరిచేసరికి వాడు టెన్త్‌లో ఉన్నాడు. అంటే ఏడో తరగతి తర్వాత ఒక్క యాన్యువల్ పరీక్ష కూడా రాయని పిల్లవాడు నేరుగా వెళ్ళి పబ్లిక్ పరీక్షలో కూర్చున్నాడు.

బియ్యం ఇచ్చారు, గుడ్లు, చిక్కీలు ఇచ్చారు. బడికి రంగులు వేశారు, బల్లలు వచ్చాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. బాగుంది, కాదనను. విద్యాకానుక కింద గవర్నమెంటు యూనిఫాం గుడ్డ ఇస్తే మా ఊరి పిల్లల్లో సగం మందికి నేనే కుట్టాను. మావాడికి కుట్టిన మూడు జతల్లో ఒక జత అసలు తొడుక్కోనే లేదు. మొన్న పెట్టె సర్దుతుంటే బయటపడింది. ఇస్త్రీ మడత అలాగే ఉంది, చేతులేమో మోచేతి దగ్గరికి వస్తున్నాయి. ఆ చొక్కా పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇది. ఈ రెండేళ్ళలో పేరెంట్స్ కమిటీ మీటింగ్ అని నన్ను నాలుగైదు సార్లు పిలిచారు. సిమెంటు వచ్చింది సంతకం పెట్టు, కిట్లు వచ్చాయి వేలిముద్ర వెయ్యి. "మీవాడికి లెక్కలు రావట్లేదు" అని ఒక్కరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బ్లౌజుల డబ్బులు కూడబెట్టైనా ట్యూషన్ పెట్టించేదాన్ని. మొన్న రాత్రి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చిన్న లెక్క వెయ్యమన్నాను. మైనస్ మూడులోంచి ఐదు తీసేయమంటే ఎనిమిది అని రాశాడు, ముందు మైనస్ పెట్టలేదు. మళ్ళీ అడిగితే రెండు అన్నాడు. ఈ పిల్లవాడే నాకు చెయ్యి సాయం చేసేటప్పుడు పదిహేడున్నర అంగుళాల్లో సగం ఎంతంటే ఎనిమిది ముప్పావు అని టేపు చూడకుండా చెప్తాడు. తెలివి లేక కాదు కదండీ?

ఇప్పుడు రీవెరిఫికేషన్‌కి కడితే ఏమైనా ఉపయోగమా, ఒక్క సబ్జెక్టుకే 1000 అంటున్నారు. సప్లిమెంటరీలో పాసైతే సర్టిఫికెట్ మీద మచ్చలా పడుతుందా? ఎవరికైనా చెప్పుకుంటే వింటారా? వాడేమో ఫ్రెండ్స్‌తో హైదరాబాద్ సెంట్రింగ్ పనికి పోతానంటున్నాడు, బ్యాగు కూడా సర్దాడు. నిన్నటి నుంచి సరిగ్గా తినడం లేదు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది మీ ఇళ్ళల్లో జరిగితే ఏం చేశారో చెప్పండి.

---

ఎచ్చెర్ల తీరం – జూన్ 9, ఉదయం 6:05

చెల్లెమ్మా, మీరు రాసింది చదివి మా ఇంటావిడకి కూడా వినిపించాను. ముందు గుంటణ్ణి ఏమీ అనొద్దు, ఒంటరిగా వదలొద్దు. తిండి పెట్టి పక్కనే ఉండండి. మార్కుల సంగతి తర్వాత.

మాది ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డు. లాక్‌డౌన్ పెట్టేసరికి నేను గుజరాత్ వేరావల్‌లో బోటు మీద ఉన్నాను, మన జిల్లా వాళ్ళం వేల మందిమి అక్కడ ఇరుక్కుపోయాం, ఏప్రిల్ నెలాఖరుకి గవర్నమెంటు బస్సులు పెట్టి తెచ్చింది, వచ్చాక క్వారంటైన్‌లో పెట్టారు, అవన్నీ అయ్యి నేను ఇంటికి చేరేసరికి పిల్లలకి బడి అనేది ఒకటుందన్న ధ్యాసే పోయింది. ఇంటావిడ దగ్గర ఉన్నది నొక్కుడు ఫోను. పాఠాలు వచ్చే ఫోను ఎవరింట్లో ఉంది, ఎవరింట్లో లేదు అని సర్వే చేసుకుని వెళ్ళారు, అలాంటి ఫోను లేనివాళ్ళ లిస్టులో మా పేరు రాసుకున్నారు, రాసుకున్నాక మళ్ళీ ఎవరూ రాలేదు. సప్తగిరి ఛానల్లో పాఠాలు వచ్చేవి, నిజమే, కానీ ఒక టీవీ ముందు ముగ్గురు పిల్లలు మూడు తరగతుల వాళ్ళు, అందులో వీడి పాఠం ఎప్పుడొస్తుందో చూసి కూర్చోబెట్టేదెవరు, మేము చేపల వేటలో, ఆవిడ చేపల బుట్టతో.

మీవాడిది టెన్త్ కాబట్టి బయటపడింది. మా చిన్నోడి సంగతి ఎవరికీ కనిపించదు. మూసేసినప్పుడు వాడు ఒకటో తరగతి. ప్రైమరీ వాళ్ళకి 2021 ఫిబ్రవరి 1న తెరిచారు, ఏప్రిల్‌లో మూశారు, రెండో తరగతి మొత్తం రెండున్నర నెలలు. ఇప్పుడు మూడు అయిపోయింది. వాళ్ళ పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. చదవరా అంటే గడగడా చదివేస్తాడు, నేను మురిసిపోయాను. ఒక రోజు అనుమానం వచ్చి పైనున్న బొమ్మ మీద చెయ్యి పెట్టి మూశాను. ఆగిపోయాడు. బొమ్మ చూసి కథ చెప్తున్నాడమ్మా, అక్షరం ఒక్కటీ చదవడం లేదు. వత్తులు అసలు రావు.

ఇంతలో వచ్చే నెల బళ్ళు తెరిచేటప్పటికి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపు హైస్కూల్లో కలిపేస్తారంటున్నారు. మాకు హైస్కూలుకి వెళ్ళాలంటే హైవే దాటాలి. లారీలు ఎలా వెళ్తాయో ఆ రోడ్డు చూసినవాళ్ళకి తెలుసు. రెండేళ్ళు పిల్లల్ని బడికి దూరం చేసి ఇప్పుడు బడినే దూరం పెడితే, ఆ పేరుతో మానిపించేసేవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు. మేము కమిటీ వాళ్ళం కలిసి మండల ఆఫీసులో కాగితం ఇచ్చాం. మీరూ ఒక్కరే వెళ్ళకండి. ఆ వరండాలో ఉన్న నలుగురినీ తీసుకుని వెళ్ళండి.

---

సూటిగా మాట – జూన్ 9, ఉదయం 9:40

అమ్మ ఒడి 15 వేలు తీసుకున్నారు కదా. గవర్నమెంటు ఆ డబ్బు చదువుకోసమే ఇచ్చింది. దాంతో ఒక ఫోను కొని, ట్యూషన్ పెట్టిస్తే ఈ పరిస్థితి రాదు. ప్రతిదానికీ బడిని అంటే ఎలా? పిల్లవాడు రోజంతా ఏం చేస్తున్నాడో ఇంట్లోవాళ్ళు చూసుకోవద్దా?

---

బొబ్బిలి టైలరమ్మ – జూన్ 9, మధ్యాహ్నం 2:15

తీసుకున్నానండీ, దాచడానికేం లేదు. 2021 జనవరిలో మరుగుదొడ్ల నిర్వహణకి 1000 పట్టుకుని 14 వేలు పడ్డాయి. 8500 పెట్టి వాడికి ఫోనే కొన్నాను. మిగిలింది మిల్లు లేనప్పుడు తెచ్చిన అప్పుకి కట్టాను. ఫోను వచ్చేసరికి బడి రోజు విడిచి రోజు నడుస్తోంది, గ్రూపులో పాఠాలు ఆపేశారు. ఫోను ఉంది, అందులో చదువు లేదు, వేరేవి ఉన్నాయి. మీరన్నట్టు ఆ వేరేవి వాడు చూశాడు, అది నేను గట్టిగా ఆపలేకపోయాను. పొద్దున్న నుంచి రాత్రి దాకా మిషన్ మీద వంగి ఉంటాను. నా వంతు తప్పు నేను ఒప్పుకుంటాను. బడి వంతు కూడా ఎవరైనా ఒప్పుకోవాలి కదా అనే అడుగుతున్నాను.

---

గజపతినగరం వాసి – జూన్ 9, సాయంత్రం 5:30

ప్రైవేటులో వేసిన మాకూ ఏమీ ఒరగలేదు. పొద్దున్న గంట జూమ్ క్లాసు, దానికి పూర్తి ఫీజు అడిగారు. 2020–21కి ట్యూషన్ ఫీజులో 70 శాతమే తీసుకోవాలని గవర్నమెంటు ఆర్డరు ఇచ్చింది, ఆ జీవో కాగితం చూపిస్తే "మాకు రాలేదు" అన్నారు. కట్టలేక మా పాపని గవర్నమెంటు బడికి మార్చాం, పాత బాకీ తీరిస్తేనే టీసీ అని ఏడాది తిప్పారు. పాప ఈసారి 9 పాసైంది, "పాస్" అంటే నాకు నమ్మకం పోయింది, టైలరమ్మ గారి పోస్టు చూశాక నేనే ఏడో తరగతి లెక్కల పుస్తకం తెచ్చి కూర్చోబెట్టాను. భిన్నాల దగ్గరే ఆగిపోయింది. కనీసం మాకు ఇంకో ఏడాది టైముంది.

---

లెక్కల మేస్టారు, విజయనగరం – జూన్ 10, రాత్రి 10:10

అమ్మా, నేను గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మీ బడి కాదు. మీ పోస్టు నిన్ననే చదివాను, వెంటనే రాయలేకపోయాను.

ముందు అడిగినవాటికి చెప్తాను. రీవెరిఫికేషన్ వద్దు. 33, 34 వచ్చి ఉంటే కట్టమనేవాణ్ణి, 22 నుంచి 35 పెరగడం జరిగే పని కాదు, ఆ 1000 ఉంచుకోండి. సప్లిమెంటరీ జూలై 6 నుంచి 15 దాకా. ఫీజు కట్టే గడువు దగ్గరలోనే ఉంది, రేపే వెళ్ళి కట్టేయండి. ఈసారి సప్లిమెంటరీలో పాసైనవాళ్ళని రెగ్యులర్ పాస్ కిందే లెక్కేస్తామన్నారు, కాబట్టి మచ్చ అనే భయం పెట్టుకోకండి. ఇంటర్‌కైనా ఐటీఐకైనా ఏ ఇబ్బందీ ఉండదు. హైదరాబాద్ ప్రయాణం ఒక్క ఐదు వారాలు ఆపండి. ఒకసారి చేతిలో కూలి డబ్బు పడ్డాక మళ్ళీ పరీక్షకి వచ్చినవాళ్ళు తక్కువ, నా అనుభవంలో చెప్తున్నాను.

మీ అబ్బాయికి చెప్పండి, వాడు ఒక్కడే కాదు. 2019లో టెన్త్ పాస్ శాతం 94.88. తర్వాత 2020లో, 2021లో పరీక్షలే పెట్టలేదు, అందరూ పాస్. మూడేళ్ళ తర్వాత జరిగిన మొదటి పబ్లిక్ ఇదే, అదీ పదకొండు పేపర్ల బదులు ఏడు పేపర్లు, ఒక్కో పేపరులో సిలబస్ అంతా. వచ్చింది 67.26. రాష్ట్రంలో 2 లక్షల మందికి పైగా పిల్లలు తప్పారు. ఒక్కరూ పాస్ కాని బళ్ళు 71. ఇంత మంది ఇళ్ళల్లోనూ తల్లిదండ్రులు పట్టించుకోలేదనడం న్యాయం కాదు. ఆ మాట మీతో అన్నవారి తరఫున నేను క్షమాపణ చెప్పలేను గానీ ఒక టీచరుగా సిగ్గుపడుతున్నాను.

మా వైపు సంగతి కూడా చెప్పాలి, సాకు అనుకోకండి. ఆ రోజుల్లో మేము బడికి వెళ్ళేవాళ్ళం, పిల్లలు లేరు, పని మాత్రం ఉండేది. బళ్ళు బాగుచేసే నాడు–నేడు పథకం ఇసుక, సిమెంటు లెక్కలు, కిట్ల పంపకం, బియ్యం పంపకం, మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించడం, ఆన్‌లైన్ ట్రైనింగులు. సెకండ్ వేవ్‌లో మాతో పనిచేసిన ఇద్దరు పోయారు. తెరిచాక సిలబస్ పూర్తి చెయ్యమన్నారు. వెనక్కి వెళ్ళి చెప్పడానికి టైము ఇవ్వలేదు. మైనస్ మూడు మైనస్ ఐదు రాని పిల్లవాడికి బోర్డు మీద వర్గ సమీకరణాలు చెప్పాను నేను. వాడు తలూపాడు. నాకు తెలుసు వాడికి అర్థం కాలేదని. ముందుకు వెళ్ళిపోయాను, ఎందుకంటే డిసెంబరుకి ఇన్ని చాప్టర్లు అవ్వాలి.

తొమ్మిదో తరగతి పాస్ లిస్టు మీద నేనూ సంతకం పెట్టాను. అందరికీ పాస్ వెయ్యమన్నది ఆర్డరు, అది తప్పదు. కానీ ఆ కాగితం పంపేటప్పుడు, "మీ పిల్లవాడికి ఏడో తరగతి లెక్కలు కూడా రావట్లేదు, వేసవిలో చూసుకోండి" అని ఒక్క ముక్క ప్రతి ఇంటికీ ఫోన్ చేసి చెప్పి ఉండొచ్చు. మా సెక్షన్‌లో 41 మంది. రోజుకి పది ఇళ్ళకి చేసినా నాలుగైదు రోజుల పని. దాన్ని ఎవరూ ఆపలేదు, ఎవరూ చెయ్యమని చెప్పలేదు, నేను చెయ్యలేదు. మీ పోస్టులో అన్నిటికన్నా నన్ను పట్టుకున్న మాట అదే.

ఇక లెక్కలు. ఐదు వారాల్లో మొత్తం పుస్తకం రాదు, రానక్కర్లేదు. పేపరు 100, పాస్‌కి 35. ఎనిమిది మార్కుల ప్రశ్నలు ఐదు, ఒక్కోదానికి లోపల ఛాయిస్ ఉంటుంది. ఇందులో సాధారణంగా ఒకటి గ్రాఫు, ఒకటి నిర్మాణం వస్తాయి. గ్రాఫు అంటే బహుపది గానీ రేఖీయ సమీకరణాల జత గానీ, నిర్మాణం అంటే సరూప త్రిభుజం గానీ స్పర్శరేఖలు గానీ. మీ అబ్బాయి టేపు చూడకుండా అంగుళాల్లో సగం చెప్తాడన్నారు చూడండి, ఆ పిల్లవాడికి స్కేలు, కంపాస్ చేతికిస్తే నిర్మాణం రెండు రోజుల్లో వస్తుంది, రాకపోవడానికి లేదు. ఆ రెండు కలిపితే 16. సాంఖ్యక శాస్త్రంలో సగటు, మధ్యగతం, పట్టిక వేసి చేసే లెక్క, సూత్రం ఒక్కటి బట్టీ పట్టాలి. సంభావ్యతలో పాచిక, పేకముక్కల లెక్కలు. సమితులు తేలిక. ఒక్క మార్కు బిట్లు పన్నెండు ఉంటాయి, ఒక్కటి కూడా వదలకుండా ఏదో ఒకటి రాయమనండి.

కానీ గ్రాఫుకైనా మైనస్ గుర్తులు రావాలి. మొదటి నాలుగు రోజులు టెన్త్ పుస్తకం ముట్టుకోవద్దు. కూడికలు, తీసివేతలు, మైనస్‌లతో, రోజుకి యాభై. మీరే పక్కన కూర్చోండి. అప్పు, జమ అని చెప్పండి. మూడు రూపాయలు అప్పుంది, ఇంకో ఐదు అప్పు చేస్తే మొత్తం ఎంత అప్పు? ఎనిమిది అప్పు, అదే మైనస్ ఎనిమిది. కుట్టుకూలి లెక్కలు రాసే మీకు ఇది నాకన్నా బాగా వచ్చు.

చెప్పుకోవడం గురించి. ముందు హెడ్మాస్టర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, పేరెంట్స్ కమిటీ మీటింగ్ పెట్టి ఫెయిలైన పిల్లలకి రోజూ స్పెషల్ క్లాసులు కావాలని. విద్యాహక్కు చట్టంలో ఈ కమిటీ ఉన్నది బడి ఎలా నడుస్తోందో చూడ్డానికే, సంతకాలకి మాత్రమే కాదు. కదలకపోతే మండల విద్యాధికారి (ఎంఈవో), ఆపైన సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే స్పందన. ఏ కాగితం ఇచ్చినా రెండో కాపీ మీద రిసీవ్డ్ అని వేయించుకోండి. ఎవరి మీదో పితూరీలా రాయకండి. పిల్లలకి ఏం కావాలో రాయండి, అప్పుడు పని తొందరగా జరుగుతుంది.

---

సీతంపేట కొండ – జూన్ 11, ఉదయం 8:50

మేస్టారు నిజం ఒప్పుకున్నందుకు నమస్కారం. మాది సీతంపేట ఏజెన్సీ. మొన్నటిదాకా శ్రీకాకుళం, ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. నేను డిగ్రీ చదువుతున్నాను, సవర గిరిజనుణ్ణి.

మా పిల్లలు ఎక్కువ మంది ఆశ్రమ పాఠశాలల్లో ఉంటారు, తిండీ చదువూ అక్కడే. 2020 మార్చిలో హాస్టళ్ళు ఖాళీ చేయించి కొండకి పంపేశారు. కొండ మీద ఆన్‌లైన్ అనే మాటకి అర్థం లేదు. సిగ్నల్ కావాలంటే మా ఊరి పైన ఒక బండ ఉంది, అక్కడికి ఎక్కాలి, అక్కడ కూడా మాట వినిపిస్తుంది గానీ వీడియో రాదు. కింద వాళ్ళకి తెలియని సంగతి ఇంకొకటుంది. మేము ఇంట్లో సవర మాట్లాడతాం. తెలుగు బడిలోనే వస్తుంది. ఏడాదిన్నర బడి లేకపోతే చిన్నపిల్లలకి లెక్కలు కాదు, తెలుగే పోయింది. తిరిగి హాస్టల్‌కి వెళ్ళిన రోజు మా చెల్లి టీచరు అడిగిందానికి సవరలో జవాబు చెప్పిందట, క్లాసంతా నవ్వారట. మర్నాడు వచ్చేసింది. నేను రెండుసార్లు దింపి వచ్చాను, ఇప్పుడు ఉంటోంది.

చెల్లి క్లాసులో ఉన్న మగపిల్లలు కొందరు జీడితోటల్లో, అనాస కోతల్లో కూలికి అలవాటు పడిపోయారు. వాళ్ళు తిరిగి రాలేదు. ఫెయిల్ లిస్టులో వాళ్ళ పేర్లు ఉండవు, ఎందుకంటే పరీక్షే రాయలేదు. టైలరమ్మ గారూ, మీ అబ్బాయి రాశాడు, మిగతా ఐదు సబ్జెక్టులు పాసయ్యాడు. బ్యాగు విప్పించండి అక్కా. నేను మొదటిసారి ఇంటర్ మ్యాథ్స్‌లో తప్పాను, సప్లిమెంటరీలో గట్టెక్కాను, ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు.

---

ఎచ్చెర్ల తీరం – జూన్ 11, రాత్రి 8:30

మేస్టారూ, మా చిన్నోడికి కూడా ఒక మాట చెప్పండి. నేను అక్షరాల అట్టముక్కలు కోసి రోజూ అరగంట కూర్చోబెడుతున్నాను. గుణింతాలు ముందా, చిన్న మాటలు ముందా?

---

లెక్కల మేస్టారు, విజయనగరం – జూన్ 11, రాత్రి 9:05

రెండూ కలిపి చెయ్యండి. వాడికి రోజూ కనబడే మాటలతో మొదలుపెట్టండి. వల, పడవ, అల, ఇసుక. వల రాయడం వస్తే, వాలు రాయించి తేడా అడగండి. బొమ్మ పెట్టొద్దు. వత్తులు నెల తర్వాత చూద్దాం, కంగారు పెట్టకండి. అట్టముక్కలు మంచి పని.

---

బొబ్బిలి టైలరమ్మ – జూన్ 14, రాత్రి 10:45

అందరికీ పేరుపేరునా నమస్కారం. ఏం జరిగిందో చెప్తాను, అడిగినవాళ్ళున్నారు.

శనివారం ఐదుగురం తల్లులం కలిసి వెళ్ళాం. మేస్టారు చెప్పినట్టే కాగితం రాసుకుని వెళ్ళాను, మా మరిది కూతురు చేత రాయించాను. హెడ్మాస్టర్ గారు ముందు చిరాకు పడ్డారు. రిసీవ్డ్ అని వెయ్యండి అంటే ఇంకా చిరాకు పడ్డారు. నేను లేవలేదు. వరండాలో నన్నన్న మాట గురించి కూడా అడిగేశాను, చెయ్యి వణికింది గానీ అడిగాను. "మీ చొక్కా నేను కొలత తప్పు కుట్టి, మీ ఒళ్ళు పెరిగిపోయింది అని మీ మీద నెట్టేయవచ్చా సార్" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు ఆయన. తర్వాత స్టాంపు వేసి ఇచ్చారు. ఆ మాట అన్నవారు నిన్న ఎదురుపడి "ఏదో కోపంలో అన్నానమ్మా" అన్నారు. అది చాలు నాకు.

నిన్న సోమవారం నుంచి స్పెషల్ క్లాసులు మొదలయ్యాయి. లెక్కల్లో తప్పినవాళ్ళు మా బడిలో పదకొండు మంది, వచ్చింది నలుగురు. ముగ్గురు అప్పటికే విశాఖ వెళ్ళిపోయారట పనికి. ఒకమ్మాయికి సంబంధం చూస్తున్నారని తెలిసింది, వాళ్ళమ్మ నా దగ్గరే బ్లౌజులు కుట్టించుకుంటుంది, సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఈ నెల ఆగండి, పరీక్ష రాయనివ్వండి, తర్వాత మీ ఇష్టం అన్నాను. ఊ అంది గానీ ఏం చేస్తుందో చూడాలి, రేపు మళ్ళీ వెళ్తాను.

మావాడు బ్యాగు విప్పాడు. రోజూ ముందు అప్పు, జమ లెక్కలే చేయించాను, నిన్నటికి యాభైలో నలభై ఆరు ఒప్పు. నిర్మాణం నిజంగానే వచ్చేసింది మేస్టారూ, కంపాస్ సన్నగా పట్టుకుని చాపం గీస్తుంటే నాకు చంక కటింగ్ గీసినట్టే ఉంది. ఇప్పుడు గ్రాఫు దగ్గర ఉన్నాడు. పట్టికలో విలువలు పెద్దవొచ్చి కాగితం దాటిపోతున్నాయంట, వై అక్షం మీద ఒక సెంటీమీటరుకి రెండు యూనిట్లు తీసుకోవచ్చా, అలా తీసుకుంటే స్కేలు ఎక్కడ రాయాలి, మార్కులు తగ్గిస్తారా అని అడుగుతున్నాడు. మీకు వీలైనప్పుడు చెప్పండి, వాడు ఇంకా మేలుకునే ఉన్నాడు.